గృహరుణానికి ముందస్తు అర్హత: విజయవాడ, గుంటూరు కొనుగోలుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలోనూ గుంటూరులోనూ, ఈ రెండింటి మధ్యనున్న తాడేపల్లి, మంగళగిరి ప్రాంతాల్లోనూ ఇల్లు కొనాలనుకునేవారు బ్యాంకు రుణం గురించి అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. వాటిలో ఎక్కువ భాగం అడ్వాన్సు ఇచ్చేసిన తరువాత అడుగుతున్నవి. నిజానికి అవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవలసినవి. అందుకే ప్రశ్నలను అవి ఎదురయ్యే దశల వారీగా పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇల్లు చూడటానికి ముందు

ఇల్లు ఇంకా చూడనేలేదు. అయినా బ్యాంకు లోను ఇస్తానని చెబుతుందా?

చెబుతుంది. మీ ఆదాయం, వయసు, ఇప్పటికే ఉన్న అప్పులు, వాటిని తీరుస్తున్న తీరు పరిశీలించి, మీకు ఎంతవరకు గృహరుణం ఇవ్వవచ్చో బ్యాంకు ఒక లేఖ రాసి ఇస్తుంది. బ్యాంకుల్లో దీనిని ఇన్-ప్రిన్సిపుల్ శాంక్షన్ అని, ప్రీ-అప్రూవల్ అని పిలుస్తారు. ఈ అర్హత మనిషికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. మీరు ఇల్లు ఎంచుకున్న తరువాత దాని కాగితాలను బ్యాంకు ప్యానెల్ న్యాయవాది, కట్టడాన్నీ విలువనూ ప్యానెల్ ఇంజినీరు చూసి సరేనంటేనే తుది మంజూరు వస్తుంది.

మీకు 60 లక్షల హోమ్ లోను ప్రీ-అప్రూవ్ అయిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. అది చాలదా?

చాలదు. మీ ఖాతాలో జమ అయ్యే మొత్తాన్ని, మీ క్రెడిట్ చరిత్రను చూసి పంపే ఆహ్వానం మాత్రమే అది. ఆదాయపు పత్రాలు చూడకుండా చెప్పిన మొత్తం కాబట్టి, పత్రాలు చూసిన తరువాత తగ్గవచ్చు. ఆ మెసేజ్ ఆధారంగా ఎవరికీ మాట ఇవ్వవద్దు. బ్యాంకు శాఖకు గానీ గృహరుణాల విభాగానికి గానీ వెళ్లి, పత్రాలన్నీ సమర్పించి, మొత్తం, కాలపరిమితి, వడ్డీ రేటు, గడువు తేదీ ఉన్న లేఖ తీసుకోండి.

ముందు ఇల్లు నచ్చాలి కదా, లోను సంగతి తరువాత చూసుకోకూడదా?

ఈ వరుస వల్లనే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఫ్లాటు నచ్చగానే అడ్వాన్సు ఇచ్చి, రెండు మూడు నెలల్లో మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటామని అగ్రిమెంటు రాసుకుంటారు. గడువు అప్పటినుంచే నడుస్తుంది. ఆ తరువాత బ్యాంకుకు వెళితే, అనుకున్న 45 లక్షలకు బదులు 35 లక్షలే వస్తుందని తెలుస్తుంది. అప్పుడు మిగిలే దారులు మూడే: బయట అధిక వడ్డీకి అప్పు తేవడం, అడ్వాన్సు వదులుకోవడం, గడువు పొడిగించమని అమ్మేవారిని బతిమాలడం. ముందే అర్హత లేఖ ఉంటే ఏ ధరలోపు ఇళ్లు చూడాలో మీకు తెలుస్తుంది. సొమ్ము సిద్ధంగా ఉన్న కొనుగోలుదారుతో బేరం కుదుర్చుకోవడానికి అమ్మేవారు కూడా మొగ్గు చూపుతారు.

బ్యాంకు లోను పోను నా చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి?

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం వరకే ఇవ్వవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులు. బ్యాంకు ఇంతకంటే తక్కువ ఇవ్వవచ్చు. ఇంటి ఖరీదు 10 లక్షలు దాటితే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఈ విలువలో కలపరు. చాలామంది మరచిపోయే సంగతి ఇదే.

50 లక్షల ఫ్లాటు తీసుకుందాం. రుణం గరిష్ఠంగా 40 లక్షలు. మిగతా 10 లక్షలు మీవి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం, అంటే మరో 3 లక్షల 75 వేలు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, న్యాయవాది, ఇంజినీరు ఫీజులు, తనఖా పత్రం ఖర్చులు వీటికి అదనం. 14 లక్షలకు పైగా చేతిలో ఉంటేనే ఈ ఫ్లాటు మీకు అందుబాటులో ఉన్నట్లు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే సాధారణంగా 5 శాతం జీఎస్‌టీ కూడా ఉంటుంది. ధర 45 లక్షలు మించక, కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల వైశాల్యం) 90 చదరపు మీటర్లు మించకపోతే అది 1 శాతమే. పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన తరువాత కొనే ఫ్లాటుకు జీఎస్‌టీ ఉండదు.

చేతి సొమ్ము తక్కువైంది. ఆ భాగానికి పర్సనల్ లోను తీసుకోవచ్చా?

తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. పర్సనల్ లోను వాయిదా మీ నెలసరి భారంలో చేరి, గృహరుణ అర్హతను అంతకంటే ఎక్కువగా తగ్గిస్తుంది. భవిష్య నిధి నుంచి తీసుకున్న సొమ్ము, స్థలం లేదా బంగారం అమ్మగా వచ్చినది, తల్లిదండ్రులు ఇచ్చినది అయితే బ్యాంకుకు అభ్యంతరం ఉండదు. అది ఎక్కడినుంచి వచ్చిందో చూపే పత్రం మాత్రం ఉంచుకోండి.

## ఆదాయం, అర్హత లెక్క

నా చేతికి నెలకు 80 వేలు వస్తుంది. ఎంత లోను వస్తుంది?

అన్ని అప్పుల నెలసరి వాయిదాలూ కలిపి ఆదాయంలో సుమారు సగం దాటకూడదన్నది చాలా బ్యాంకులు పాటించే లెక్క. ఆదాయం బాగా ఎక్కువగా ఉన్నవారికి 60 శాతం వరకు కూడా అనుమతిస్తాయి. 80 వేలలో సగం 40 వేలు. ఏడాదికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల రుణానికి లక్షకు నెలకు సుమారు 868 రూపాయలు కట్టాలి. ఆ లెక్కన మీకు సుమారు 46 లక్షలు వస్తుంది.

మీకు ఇప్పటికే నెలకు 8 వేల కారు వాయిదా ఉందనుకోండి. గృహరుణానికి మిగిలేది 32 వేలే; అర్హత సుమారు 37 లక్షలకు పడిపోతుంది. ఒక్క కారు వాయిదా 9 లక్షల గృహరుణాన్ని తగ్గించింది. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవారు ఆ సంవత్సరంలో కొత్త వాహనం వాయిదాల మీద కొనకపోవడం, చిన్న అప్పులను ముందే తీర్చివేయడం అర్హత పెంచుకోవడానికి అన్నిటికంటే సులువైన మార్గం.

కాలపరిమితి 30 ఏళ్లు పెట్టించుకుంటే ఎక్కువ లోను వస్తుందట, నిజమేనా?

నిజమే, కానీ దాని ఖరీదు తెలుసుకుని నిర్ణయించుకోండి. 8.5 శాతం వడ్డీకి లక్షకు వాయిదా 20 ఏళ్లకు 868 రూపాయలైతే 30 ఏళ్లకు 769 రూపాయలు. అదే 40 లక్షల రుణానికి 20 ఏళ్లలో కట్టే వడ్డీ సుమారు 43 లక్షలు, 30 ఏళ్లలో సుమారు 71 లక్షలు. ఉద్యోగులకు సాధారణంగా పదవీ విరమణ వయసులోపు రుణం తీరాలి కాబట్టి 40 దాటినవారికి ఈ అవకాశం అంతగా ఉండదు. మారే వడ్డీ రేటుపై వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అందువల్ల ఎక్కువ కాలం పెట్టించుకున్నా, చేతిలో సొమ్ము ఉన్నప్పుడల్లా అసలులోకి కట్టే అలవాటు ఉంటే నష్టం తగ్గుతుంది.

మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం నాది. పన్ను తగ్గుతుందని రిటర్నులో ఆదాయం తక్కువ చూపించాను. ఇప్పుడెలా?

బ్యాంకుకు మీ వ్యాపారం ఎంత పెద్దదన్నది కాదు, రిటర్నులో ఎంత చూపారన్నదే ఆధారం. సాధారణంగా రెండు లేదా మూడు సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నులు, లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు, జీఎస్‌టీ రిటర్నులు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. రిటర్నులో నాలుగు లక్షలు చూపి, మౌఖికంగా పన్నెండు లక్షలని చెబితే లెక్కకు నాలుగే వస్తుంది.

మూడేళ్ల రిటర్నులను ఒకే వారంలో దాఖలు చేసి తీసుకువెళ్లడం పరిష్కారం కాదు. దాఖలు తేదీలను బ్యాంకు చూస్తుంది. ఒక్క ఏడాదిలో హఠాత్తుగా రెట్టింపైన ఆదాయాన్ని సగటు వేసి తగ్గిస్తుంది. ఇల్లు కొనాలనుకునే సమయానికి రెండేళ్ల ముందునుంచే నిజమైన ఆదాయాన్ని సకాలంలో చూపుతూ రావాలి. మిర్చి సీజన్‌లో ఖాతా నిండుగా ఉండి మిగతా నెలల్లో ఖాళీగా కనిపించడం మామూలే. అది వ్యాపార స్వభావమని బ్యాంకు అధికారికి ముందే వివరించి పూర్తి ఏడాది స్టేట్‌మెంటు ఇవ్వండి.

బీసెంట్ రోడ్డులో షాపులో పని చేస్తాను. జీతం నగదుగానే ఇస్తారు. నాకు లోను వస్తుందా?

కష్టమే గానీ అసాధ్యం కాదు. యజమానితో మాట్లాడి జీతం బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. కనీసం అందిన రోజునే ఆ నగదును మీ ఖాతాలో జమ చేయండి. ఏడాదిపాటు ఇలా చేసి, యజమాని ఇచ్చే జీతం ధ్రువపత్రం, మీ ఆదాయపు పన్ను రిటర్ను జతపరిస్తే దరఖాస్తుకు బలం వస్తుంది. నగదు ఆదాయం ఉన్నవారిని స్వయంగా వచ్చి విచారించి రుణమిచ్చే హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలున్నాయి. వాటి వడ్డీ బ్యాంకుల కంటే ఎక్కువగా ఉంటుంది.

నా భార్య ఆదాయం కలిపితే అర్హత పెరుగుతుందా? ఇల్లు ఆమె పేరున కూడా రాయించాలా?

పెరుగుతుంది. ఇద్దరి ఆదాయాలు, ఇద్దరి అప్పులు కలిపి లెక్కవేస్తారు. ఇద్దరి క్రెడిట్ చరిత్రనూ చూస్తారు. ఇంటికి సహ యజమాని అయినవారు రుణంలోనూ భాగస్వాములు కావాలని బ్యాంకులు సాధారణంగా కోరుతాయి. రుణంలో చేరినంత మాత్రాన యజమాని కానక్కరలేదు గానీ, గృహరుణంపై ఆదాయపు పన్ను మినహాయింపు యజమానికి మాత్రమే వర్తిస్తుంది. సొంతంగా నివసించే ఇంటి విషయంలో పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే అది లభిస్తుంది. నా అభిప్రాయం అడిగితే, వాయిదాలు కట్టడంలో భార్య సంపాదన ఉన్నప్పుడు ఇంటిలోనూ ఆమె పేరు ఉండాలి. మహిళలకు వడ్డీలో స్వల్ప రాయితీ ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి.

మా నాన్నగారికి తెనాలి దగ్గర పొలం ఉంది. ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

కొన్ని బ్యాంకులు తీసుకుంటాయి. భూమి రికార్డులైన పట్టాదారు పాసుపుస్తకం, వన్‌-బీ, అడంగల్‌తో పాటు పంట అమ్మిన సొమ్ము ఖాతాలో జమ అయినట్లు కనిపించాలి. కౌలు వస్తున్నట్లయితే అది కూడా ఖాతా ద్వారా రావాలి. నాన్నగారి వయసు ఎక్కువైతే ఆయనను సహ రుణగ్రహీతగా చేర్చడం వల్ల కాలపరిమితి తగ్గే అవకాశం ఉంది. ఈ సంగతి ముందే అడగండి.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడి జీతం మీద ఇక్కడ అర్హత లేఖ ఇస్తారా?

ఇస్తారు. వీసా, పాస్‌పోర్టు, ఉద్యోగ పత్రం, జీతం స్లిప్పులు, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, అక్కడి క్రెడిట్ రిపోర్టు, ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ అనే ప్రవాస భారతీయుల ఖాతా వివరాలు అడుగుతారు. ఇక్కడ సంతకాలు పెట్టడానికి మీకు పవర్ ఆఫ్ అటార్నీ అవసరం. దానిని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు డ్యూటీ కట్టించాలి. ప్రవాస భారతీయులు ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనరాదు. కాబట్టి ఇంకా నివాస భూమిగా మారని పొలం జోలికి వెళ్లవద్దు.

## సిబిల్ స్కోరు, పాత అప్పులు

స్కోరు ఎంత ఉండాలి? నేను చూసుకుంటే తగ్గిపోతుందా?

మీరు అప్పులు తీర్చిన తీరును బట్టి వేసే ఈ సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750, ఆపైన ఉంటే బ్యాంకులు మంచిదిగా భావిస్తాయి. తక్కువైతే వడ్డీ రేటు పెరుగుతుంది, బాగా తక్కువైతే తిరస్కరిస్తారు. మీరు మీ రిపోర్టు చూసుకుంటే స్కోరు తగ్గదు. రుణం కోసం దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూస్తే కొద్దిగా తగ్గవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. బ్యాంకుకు వెళ్లడానికి మూడు నాలుగు నెలల ముందు తీసి చూసుకుంటే, లోపాలుంటే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

స్నేహితుడి లోనుకు హామీ సంతకం పెట్టాను. అది నాకు అడ్డమవుతుందా?

కావచ్చు. హామీ ఇచ్చిన రుణం మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది. అతడు వాయిదాలు ఎగ్గొడితే మీ అర్హత దెబ్బతింటుంది. సక్రమంగా కడుతున్నా కొన్ని బ్యాంకులు దానిని మీ భారంగా లెక్కవేస్తాయి. దరఖాస్తుకు ముందే ఆ రుణం స్టేట్‌మెంటు అడిగి తెచ్చుకోండి. మొహమాటానికి పెట్టిన సంతకం మీ ఇంటికి అడ్డుపడకూడదు.

ఊళ్లో బంగారం మీద పంట రుణం ఉంది. చిన్నదే. చెప్పాలా?

చెప్పాలి. చెప్పకపోయినా రిపోర్టులో కనిపిస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల దరఖాస్తులలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఇదే. గడువు తీరిన తరువాత రెన్యువల్ చేయించని బంగారు రుణం, మాఫీ అవుతుందన్న ఆశతో వదిలేసిన పంట రుణం బకాయిగా నమోదై ఉంటాయి. ఉద్యోగం చేసుకుంటున్న కొడుకుకు తన పేరున అటువంటిది ఉన్నదన్న సంగతే గుర్తుండదు. బ్యాంకుకు వెళ్లి దానిని కట్టి, బకాయి లేదన్న పత్రం తీసుకుని, రిపోర్టులో మార్పు వచ్చిందని చూసుకున్న తరువాతే గృహరుణానికి దరఖాస్తు చేయండి. పాత ఆంధ్రా బ్యాంకు రుణమైతే, ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది కాబట్టి అక్కడ విచారించాలి.

క్రెడిట్ కార్డు బాకీని కొంత తగ్గించుకుని సెటిల్ చేసుకున్నాను. అంతా తీరినట్లే కదా?

మీకూ ఆ కార్డు సంస్థకూ మధ్య తీరింది గానీ, రిపోర్టులో 'సెటిల్డ్' అని ఉన్నంతకాలం గృహరుణమిచ్చే బ్యాంకు దానిని అప్పు పూర్తిగా తీర్చకపోవడంగానే చూస్తుంది. మాఫీ చేసిన మిగతా మొత్తాన్ని కట్టి, ఖాతా పూర్తిగా ముగిసినట్లు నమోదు చేయమని కోరవచ్చు.

రిపోర్టులో నాది కాని అప్పు కనిపిస్తోంది. ఏం చేయాలి?

ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థకు, అప్పు నమోదు చేసిన బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

## దరఖాస్తు

ఏ కాగితాలు తీసుకువెళ్లాలి?

ఉద్యోగులైతే ఆధార్, పాన్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, రెండేళ్ల ఫారం-16, జీతం పడే ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంటు, ఇప్పటికే ఉన్న రుణాల వివరాలు. వ్యాపారులైతే జీతం పత్రాలకు బదులు రిటర్నులు, ఖాతాలు, వ్యాపార నమోదు పత్రాలు. ఆధార్‌లో, పాన్‌లో, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం మనవైపు మామూలు. దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. రిజిస్ట్రేషన్ నాటికి అదే పెద్ద తలనొప్పి అవుతుంది.

నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు చేస్తే మంచిది కదా?

కాదు. ప్రతి దరఖాస్తూ మీ రిపోర్టులో విచారణగా నమోదవుతుంది. కొద్ది రోజుల్లో అనేకం కనిపిస్తే అప్పు కోసం తిరుగుతున్నట్లు భావిస్తారు. వడ్డీ, ఫీజుల వివరాలను ముందు మాటగా ఎన్ని చోట్లయినా అడగండి. దరఖాస్తు మాత్రం ఒకటి రెండు చోట్లకే పరిమితం చేయండి. మీ జీతం పడే బ్యాంకు అందులో ఒకటైతే మంచిది.

బ్యాంకు మంచిదా, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ మంచిదా?

అర్హత ఉన్నవారికి బ్యాంకునే సూచిస్తాను. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు మారే వడ్డీ గృహరుణాలను రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టి, కనీసం మూడు నెలలకొకసారి సవరించాలి. రెపో తగ్గినప్పుడు ఆ తగ్గుదల మీకు చేరుతుంది. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలు తమ సొంత ప్రమాణ రేటును పాటిస్తాయి. ఆదాయ పత్రాలు బలహీనంగా ఉన్నవారికి, బ్యాంకు కాదన్నవారికి అవి ఉపయోగపడతాయి.

ఏజెంటు ద్వారా వెళితే పని త్వరగా అవుతుందా? డబ్బు ఇవ్వాలా?

పత్రాలు సమకూర్చడంలో ఏజెంటు సహాయపడవచ్చు. అతడికి కమిషన్ బ్యాంకే ఇస్తుంది. మీరు నగదు ఇవ్వవలసిన పని లేదు. జీతం స్లిప్పును పెంచి చూపిస్తాననో, రిటర్నులు తయారుచేసి ఇస్తాననో అన్నవారితో ఆ మాట దగ్గరే ఆగిపోండి. దొంగ పత్రం మీద సంతకం మీదే, కేసూ మీ మీదే.

లేఖ ఎంతకాలం చెల్లుతుంది? ఫీజు తిరిగి ఇస్తారా?

చాలా బ్యాంకుల్లో మూడు నుంచి ఆరు నెలలు. గడువు దాటితే తాజా పత్రాలతో మళ్లీ తీసుకోవాలి, అప్పటి వడ్డీ రేటే వర్తిస్తుంది. లేఖ దశలో కట్టిన ఫీజు సాధారణంగా తిరిగి రాదు కాబట్టి, తుది ఫీజులో దానిని తగ్గిస్తారా అని ముందే అడగండి.

## ఇల్లు ఎంచుకోవడం, అడ్వాన్సు, అగ్రిమెంటు

లేఖ చేతిలో ఉంది. ఇక ధైర్యంగా అడ్వాన్సు ఇవ్వవచ్చా?

చిన్న మొత్తంతో, అగ్రిమెంటులో ఒక షరతు రాయించుకుని ఇవ్వండి: ఇంటి హక్కు పత్రాల్లో గానీ ప్లాన్‌లో గానీ లోపం వల్ల బ్యాంకు రుణం నిరాకరిస్తే, అడ్వాన్సు మొత్తం ఫలానా రోజుల్లోగా వాపసు ఇవ్వాలి. వాపసు గడువు తేదీతో సహా ఉండాలి. మధ్యవర్తి "అలా ఎవరూ రాయరండీ" అంటారు. రాయడానికి నిరాకరించే అమ్మకందారు కాగితాల మీద ఆయనకే నమ్మకం లేదని నేను భావిస్తాను. ఆస్తి లావాదేవీకి 20 వేలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం జరిమానాకు దారితీస్తుంది. బ్యాంకు ద్వారానే చెల్లించండి. నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టులో, రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదని స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం చెబుతోంది.

ధర 60 లక్షలు, రిజిస్ట్రేషన్ మాత్రం 40 లక్షలకే అంటున్నారు. లోను ఎంత మీద వస్తుంది?

అగ్రిమెంటులో రాసిన ధర, బ్యాంకు ఇంజినీరు వేసిన విలువ, ఈ రెండింటిలో తక్కువ దాని మీదే. పత్రంలో 40 లక్షలే ఉంటే 80 శాతం లెక్కన 32 లక్షలకు మించదు. మిగతా 28 లక్షలు మీరే తేవాలి. మీ అర్హత లేఖలో 48 లక్షలున్నా ఉపయోగం లేదు. పైగా రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర 40 లక్షలే అని చూపి, ఆ తేడాకు కూడా పన్ను మీరే కట్టాలి. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేసేవారి దగ్గరే కొనండి.

పంచాయతీ అప్రూవల్ అపార్ట్‌మెంటు తక్కువకు వస్తోంది. బ్యాంకు ఒప్పుకుంటుందా?

విజయవాడ, గుంటూరు శివార్లలో, కానూరు, పోరంకి, గొల్లపూడి, గోరంట్ల వైపు ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. అనుమతి ఇచ్చే అధికారం ఆ కట్టడం నాటికి ఎవరికి ఉందన్నదే బ్యాంకు చూసేది. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలోని అపార్ట్‌మెంటుకు పంచాయతీ కార్యదర్శి సంతకం ఒక్కటే ఉంటే జాతీయ బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు.

అనుమతి ఉన్నా మరో రెండు సంగతులు చూడండి. మొదటిది, ప్లాన్‌లో ఉన్నన్ని అంతస్తులే కట్టారా. ప్లాన్‌కు మించి కట్టిన పై అంతస్తులోని ఫ్లాటుకు రుణం రాదు. రెండవది చాలామందికి తెలియదు: ప్లాన్ మంజూరు చేసేటప్పుడు సాధారణంగా కట్టడంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టించుకుంటారు, నివాసానికి అనుమతిస్తూ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదల చేస్తారు. మీరు చూస్తున్న ఫ్లాటు ఆ 10 శాతంలోనిదేమో ప్లాన్ ప్రతిలో, ఈసీలో (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్కంబరెన్స్ సర్టిఫికెట్) చూసుకోండి.

ఈసీ తీయించాను, అప్పులు లేవు. అంతే కదా చూడవలసినది?

ఈసీ రిజిస్టరైన లావాదేవీలనే చూపుతుంది. బ్యాంకు న్యాయవాది సాధారణంగా 30 ఏళ్ల ఈసీతో పాటు అన్ని లింకు డాక్యుమెంట్లనూ, అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత పత్రాలనూ, అడుగుతాడు. ఆ భూమి రిజిస్ట్రేషన్‌కు అనుమతి లేని 22-ఏ నిషేధిత జాబితాలో లేదని, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి కాదని కూడా తేలాలి. అసైన్డ్ భూముల అమ్మకాలను 1977 నాటి చట్టం నిషేధించింది; 2023 సవరణ కొన్నిటికి మాత్రమే సడలింపు ఇచ్చింది.

మన ప్రాంతంలో ఎక్కువగా ఆగేది వారసత్వం దగ్గర. అన్నదమ్ములు పంచుకుని అమ్మిన స్థలంలో ఆడపడుచుల సంతకాలు ఉండవు. ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. కేంద్రం 2005లో కుమార్తెలందరికీ ఇచ్చింది. "పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాము" అన్న మాట న్యాయవాదికి చాలదు. వారి హక్కు విడుదల పత్రం కావాలని అడుగుతాడు. అది ఆ ఆడపడుచుల హక్కు కూడా కాబట్టి, ఆ అభ్యంతరాన్ని విసుక్కోకుండా తీర్చమని అమ్మేవారిని కోరండి.

సింగ్‌నగర్‌లో ఇల్లు చూశాము. బుడమేరు వరద వచ్చిన చోట లోను ఇస్తారా?

2024 సెప్టెంబరు మొదట్లో మునిగిన కాలనీ అయినంత మాత్రాన మీ అర్హత మారదు. ఇంజినీరు వేసే విలువపై మాత్రం ప్రభావం ఉండవచ్చు, దానివల్ల రుణం తగ్గవచ్చు. కట్టడం కాలువ హద్దులోకి వెళ్లిందా, ప్లాన్ ఉందా అన్నవి తప్పక చూస్తారు. అక్కడ కొంటే ఇంటికి వరద నష్టం వర్తించే బీమా తీసుకోండి.

## తుది మంజూరు వరకు

లేఖ వచ్చాక ఉద్యోగం మారాను. చెప్పాలా?

చెప్పాలి. సొమ్ము విడుదలకు ముందు బ్యాంకు మీ ఉద్యోగాన్ని మళ్లీ విచారిస్తుంది. కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్ పూర్తి కావాలని అడగవచ్చు. వీలైతే రిజిస్ట్రేషన్ అయ్యేవరకు మారకండి. కొత్త అప్పు, కొత్త క్రెడిట్ కార్డు తీసుకోకండి.

లోనుతో పాటు బీమా తీసుకోవలసిందే అంటున్నారు. నిజమా?

రుణానికి జీవిత బీమా తప్పనిసరి అని చట్టంలో లేదు. మీ మీద ఆధారపడ్డవారు ఉంటే టర్మ్ పాలసీ తీసుకోవడం మంచిదే, దానిని మీకు నచ్చిన సంస్థలో తీసుకోవచ్చు. ఒకేసారి కట్టే పెద్ద ప్రీమియాన్ని రుణంలోనే కలిపితే దాని మీద కూడా ఇరవై ఏళ్లు వడ్డీ కడతారు. 2024 అక్టోబరు నుంచి కొత్త రుణాలకు ఇస్తున్న కీలక వివరాల పత్రంలో వడ్డీ, ఫీజులు, బీమాతో సహా మొత్తం వార్షిక వ్యయ రేటు ఉంటుంది. అందులో లేని రుసుమును మీ అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. సంతకానికి ముందు దానిని ఇంటికి తెచ్చుకుని చదవండి.

నా దరఖాస్తు తిరస్కరించారు. కారణం చెప్పడం లేదు.

తిరస్కరణకు ప్రధాన కారణాన్ని బ్యాంకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ముందు శాఖలో లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే, రిజర్వు బ్యాంకులో ఫిర్యాదులు పరిష్కరించే అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. రుణం ఇచ్చి తీరాలని అంబుడ్స్‌మన్ ఆదేశించకపోవచ్చు గానీ కారణం మీ చేతికి వస్తుంది. కారణం మీ స్కోరో, పాత బకాయో అయితే దానిని సరిచేసి, కొత్త రిపోర్టులో మార్పు కనిపించిన తరువాతే రెండవసారి దరఖాస్తు చేయండి. కారణం ఇల్లు అయితే మీ అర్హత అలాగే ఉంటుంది. గడువులోపు వేరే ఇంటిని అదే లేఖపై చూపవచ్చు.